నేషనల్ ఫారెస్టుకి మొదటిసారి వెళ్తున్నారా? మొదటి ఫోన్ నుంచి చల్లారిన బూడిద దాకా

అమెరికాలో సెలవులొస్తే మనవాళ్లు ఎక్కువగా నేషనల్ పార్కులకే వెళ్తారు. ఎల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్. నెలల ముందు నుంచి రూముల కోసం వెతుకులాట, తీరా వెళ్లాక గేటు దగ్గర కార్ల బారు. ఆ పార్కులను ఆనుకునే నేషనల్ ఫారెస్టులు ఉంటాయని చాలామందికి తెలియదు. ఎల్లోస్టోన్‌నే తీసుకోండి. తూర్పున షోషోన్, ఉత్తరాన కస్టర్ గాలటిన్, దక్షిణాన బ్రిడ్జర్-టీటన్ ఫారెస్టులు. అవే కొండలు, అవే వాగులు, అవే జంతువులు. జనం మాత్రం చాలా తక్కువ.

దేశం మొత్తం మీద 154 నేషనల్ ఫారెస్టులున్నాయి. గడ్డి మైదానాలతో కలిపి 19.3 కోట్ల ఎకరాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా దానికి దాదాపు మూడో వంతే. అట్లాంటా వాళ్లకి చట్టహూచీ, హ్యూస్టన్ వాళ్లకి శామ్ హ్యూస్టన్, సియాటిల్ వాళ్లకి మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ, లాస్ ఏంజెలెస్ వాళ్లకి ఏంజెలెస్ ఫారెస్టు. చాలా పెద్ద ఊళ్ల నుంచి తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళకి అడవిలో ఉండొచ్చు.

అయితే పార్కుకీ ఫారెస్టుకీ ఉన్న తేడా ముందే తెలుసుకోవాలి. పార్కులు అంతర్గత వ్యవహారాల శాఖ కిందకు వస్తాయి. ఫారెస్టులను చూసేది వ్యవసాయ శాఖలోని ఫారెస్ట్ సర్వీస్, 1905లో ఏర్పడింది. ఫారెస్టు బోర్డుల కింద ‘ల్యాండ్ ఆఫ్ మెనీ యూజెస్’ అని రాసి ఉండటం గమనించండి. ఒకే అడవిలో కలప కొడతారు, ఆవులు మేపుతారు, వేటాడతారు, మనలాంటివాళ్లు టెంట్ వేసుకుంటారు. చాలాచోట్ల గేటుండదు, కంచె ఉండదు, ‘అటు వెళ్లకండి’ అని చెప్పే మనిషీ ఉండడు. పార్కులో రేంజర్ మన కోసం చేసే జాగ్రత్తలన్నీ ఇక్కడ మనమే చేసుకోవాలి. ఈ వ్యాసం ఆ జాగ్రత్తల గురించే.

1. ముందు ఎలాంటి చోటు కావాలో తేల్చుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు డే యూజ్ ఏరియాతో మొదలుపెట్టండి. పిక్నిక్ బల్లలు, మరుగుదొడ్డి, పక్కనే చెరువో వాగో, చిన్న ట్రెయిల్ ఉంటాయి. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు.

రెండోసారికి డెవలప్డ్ క్యాంప్‌గ్రౌండ్. నంబర్లు వేసిన సైట్లు, ప్రతి సైటులో బల్ల, నిప్పు పెట్టుకోవడానికి ఇనుప వలయం ఉంటాయి. చాలాచోట్ల తాగునీటి కుళాయి, ఎండాకాలమైతే అక్కడే ఉండి క్యాంప్‌గ్రౌండ్‌ని చూసుకునే క్యాంప్ హోస్ట్ కూడా ఉంటారు. హోస్ట్ ఉన్న చోటు కొత్తవాళ్లకి పెద్ద ధైర్యం.

టెంట్ వద్దనుకుంటే క్యాబిన్లు, పాత ఫైర్ లుకౌట్ గదులు అద్దెకి దొరుకుతాయి. అడవిలో ఎక్కడ పొగ లేస్తుందో చూడటానికి కొండల మీద కట్టిన గదులవి. మోంటానా, ఐడహో, ఒరెగాన్‌లలో ఎక్కువ. నాలుగు వైపులా అద్దాలే, రాత్రి పడుకుంటే చుట్టూ నక్షత్రాలే. ఒక్కసారైనా ప్రయత్నించండి.

చివరిది డిస్పర్స్‌డ్ క్యాంపింగ్. అంటే క్యాంప్‌గ్రౌండ్ బయట, అడవి రోడ్డు పక్కన ఎక్కడో మన టెంట్ మనం వేసుకోవడం. డబ్బు కట్టక్కర్లేదు, రిజర్వేషన్ ఉండదు. నీళ్లు, మరుగుదొడ్డి, చెత్తడబ్బా కూడా ఉండవు. రెండు మూడు సార్లు క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాకే దీని జోలికి వెళ్లండి.

2. రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేయండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి.

కొన్నేళ్ల క్రితం జూన్ మొదటివారంలో మేము కొలరాడో కొండల్లోకి వెళ్లాం. కింద ఊళ్లో ఎండ మండిపోతోంది. మ్యాప్‌లో రోడ్డు ఉంది, ఫోన్ కూడా అదే దారి చూపిస్తోంది. సాయంత్రం ఆరున్నరకి ఒక మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా ఇనుప గేటు, దాని వెనక నడుం లోతు మంచు. కారులో ఇద్దరు పిల్లలు, వెనక్కి చూస్తే గంటన్నర మట్టి రోడ్డు, ఫోన్లో సిగ్నల్ లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఆ గేటు ఎప్పుడు తీస్తారో రేంజర్ ఆఫీసుకి తెలుసు. అడగనిది మేమే.

ప్రతి ఫారెస్టునీ రేంజర్ డిస్ట్రిక్టులుగా విడగొడతారు. ఫారెస్టు వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే డిస్ట్రిక్టు ఆఫీసు నంబరు ఉంటుంది. చాలా ఆఫీసులు శని, ఆదివారాలు మూసి ఉంటాయి కాబట్టి గురువారమే ఫోన్ చేయండి. అడగాల్సినవి ఇవి: ఆ రోడ్డు తెరిచారా, మామూలు సెడాన్ వెళ్తుందా? క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి వదిలారా? నిప్పు మీద ఆంక్షలు ఉన్నాయా, ఏ స్టేజ్? తిండి ఎలా దాచాలన్న నియమం ఉందా? ముందొచ్చినవారికి ఇచ్చే సైట్లు శుక్రవారం ఏ వేళకి నిండిపోతాయి? ఐదు నిమిషాల పని. ఆ ఫోన్ ఎత్తేవాళ్లు అడవిని రోజూ చూసేవాళ్లు. ‘చిన్నపిల్లలతో వస్తున్నాం, మొదటిసారి’ అని చెప్పండి, మీరు అడగనివి కూడా చెప్తారు.

ఫోన్ అయ్యాక మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ దించుకోండి. ఉచితం. నలుపు తెలుపుల్లో, చూడటానికి బోసిగా ఉంటుంది కానీ ఏ రోడ్డు మీద ఏ బండి ఏ తేదీల్లో వెళ్లొచ్చో చట్టప్రకారం చెప్పేది అదే. అవెంజా అనే యాప్‌లో దాన్ని దాచుకుంటే సిగ్నల్ లేకపోయినా మీరెక్కడున్నారో చుక్క చూపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కి దించుకోండి.

3. పాసులు, ఫీజులు, రిజర్వేషన్లు

చాలా ట్రెయిల్స్‌కి ఫీజు లేదు. ఉన్నచోట పార్కింగ్ దగ్గర బోర్డు ఉంటుంది. వాషింగ్టన్, ఒరెగాన్‌లలో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. దక్షిణ కాలిఫోర్నియాలో అడ్వెంచర్ పాస్‌కీ అంతే. నేషనల్ పార్కులకి కూడా వెళ్తుంటే 80 డాలర్ల అమెరికా ది బ్యూటిఫుల్ వార్షిక పాస్ తీసుకోండి, అమెరికాలో ఉంటున్నవారికి ఆ ధర. ఫారెస్ట్ సర్వీస్ డే యూజ్ ఫీజులకీ చాలాచోట్ల అదే సరిపోతుంది. ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లలుంటే ‘ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్’ ఉచిత పాస్ గురించి ముందు చూడండి.

మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది: ఈ పాసులతో క్యాంపింగ్ ఉచితం కాదు. రాత్రి ఉండటానికి వేరే ఫీజు కట్టాలి.

క్యాంప్‌గ్రౌండ్ రిజర్వేషన్లు రిక్రియేషన్ డాట్ గవ్ అనే సైట్లో. ఎక్కువ చోట్ల ఆరు నెలల ముందు తెరుస్తారు. ఊళ్లకి దగ్గరగా ఉన్న వాటిలో వేసవి శనివారాలు తెరిచిన కాసేపట్లోనే అయిపోతాయి. దొరకలేదని వదిలేయకండి. వెళ్లే వారంలో రోజూ ఒకసారి చూడండి, రద్దయినవి వస్తూనే ఉంటాయి. కొన్ని చోట్లకి మాత్రం లాటరీయే. కాలిఫోర్నియాలో ఇన్యో ఫారెస్టులోని మౌంట్ విట్నీ శిఖరం వేసవిలో ఎక్కాలంటే ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. వాషింగ్టన్‌లోని ఎన్చాంట్‌మెంట్స్ అనే కొండ చెరువుల ప్రాంతంలో రాత్రి ఉండటానికీ లాటరీ ఉంది.

4. రిజర్వేషన్ లేకుండా సైటు పట్టుకోవడం

గురువారం సాయంత్రమో, శుక్రవారం మధ్యాహ్నం లోపో చేరుకోండి. లోపల ఒక రౌండ్ నెమ్మదిగా తిరగండి. ప్రతి సైటు ముందూ నంబరు వేసిన చిన్న కర్ర ఉంటుంది. దానికి చీటీ లేకపోతే సైటు ఖాళీ. నచ్చినదాంట్లో బల్ల మీద ఏదైనా సామాను పెట్టి, ఎంట్రన్స్ దగ్గర బోర్డుకి వెళ్లండి. అక్కడ కవర్లు, పక్కనే నేలలో పాతిన లావుపాటి ఇనుప గొట్టం ఉంటాయి. కవరు మీద సైటు నంబరు, కారు నంబరు, ఎన్ని రాత్రులో రాసి, డబ్బు లోపల పెట్టి, చివరన ఉన్న చీటీ చింపుకుని, కవరుని గొట్టంలో వేయాలి. చీటీని సైటు కర్రకి తగిలించాలి. చిల్లర ఇచ్చేవారుండరు కాబట్టి ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. కొన్నిచోట్ల బోర్డు మీద కోడ్‌ని యాప్‌తో స్కాన్ చేసి కట్టొచ్చు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు క్వయట్ అవర్స్. అడవిలో మాట చాలా దూరం వినిపిస్తుంది. మన అంత్యాక్షరి పక్క సైటులో నిద్రపోతున్న పసిపిల్లని లేపుతుంది. స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి.

5. వంట, తిండి, ఎలుగుబంటి

ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 10,000 అడుగుల దగ్గర సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే. అంటే మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. లేదా ఇంటి దగ్గరే పులిహోర కలుపుకుని, చపాతీలు చేసుకుని బయల్దేరండి. మొదటి రాత్రి చీకట్లో టెంట్ వేసుకుంటూ వంట కూడా చేయాలంటే చాలా కష్టం.

ఎలుగుబంటికి మన పోపు వాసన మైళ్ల దూరం నుంచి తెలుస్తుంది. తిండి ఒక్కటే కాదు, పళ్ల పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, ఖాళీ చిప్స్ ప్యాకెట్, పాప కార్ సీటులో రాలిన బిస్కెట్ పొడి, అన్నీ దానికి తిండే. సైటులో బేర్ బాక్స్, అంటే ఎలుగు తెరవలేని ఇనుప పెట్టె ఉంటే ఇవన్నీ అందులోకి. గొళ్లెం ఒక ఇనుప రేకు వెనక దాగి ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి పైకి నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఎలుగు పంజా అందులో పట్టదు. మూసాక తలుపు లాగి చూడండి. బాక్స్ లేకపోతే ఆ డిస్ట్రిక్టు నియమం ఏదంటే అది. కొన్నిచోట్ల కారులో పెట్టి లాక్ చేయమంటారు, కొన్నిచోట్ల కారు కూడా పనికిరాదంటారు. టెంట్‌లోకి మాత్రం ఒక్క చాక్లెట్ కూడా వెళ్లకూడదు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుని చివరికి చంపేయాల్సి వస్తుంది. మన అజాగ్రత్తకి శిక్ష దానికి పడుతుంది.

మోంటానా, వయోమింగ్, ఐడహో వైపు గ్రిజ్లీలనే పెద్ద ఎలుగులుంటాయి. అక్కడ మీదికొచ్చే ఎలుగు మీద కొట్టే ఘాటైన బేర్ స్ప్రే తప్పనిసరిగా కొనుక్కుని, బ్యాగులో కాకుండా నడుముకి తగిలించుకోండి. ఎలుగు ఎదురైతే పరిగెత్తొద్దు. పిల్లల్ని దగ్గరికి లాక్కుని, నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి నడవండి.

6. నిప్పు

స్టేజ్ 1 ఆంక్షలుంటే సాధారణంగా క్యాంప్‌గ్రౌండ్ ఇనుప వలయాల్లోనే మంట వేయాలి. స్టేజ్ 2 అయితే ఎక్కడా వేయకూడదు. ఆపుకునే నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్‌లకి మామూలుగా అనుమతి ఉంటుంది. కాలిఫోర్నియాలో క్యాంప్‌గ్రౌండ్ బయట స్టవ్ వెలిగించాలన్నా ఉచిత క్యాంప్‌ఫైర్ పర్మిట్ తీసుకోవాలి.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పురుగుని 2002లో మిషిగన్‌లో గుర్తించారు. అప్పటి నుంచి అది కోట్ల యాష్ చెట్లని చంపింది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అది వెళ్లే దారుల్లో మన కార్ల డిక్కీల్లోని కట్టెలు కూడా ఒకటి. అడవి దగ్గరి షాపులోనే కొనండి.

ఆర్పడం దగ్గరే చాలామంది తొందరపడతారు. పడుకునే ముందు గంట నుంచే కొత్త కట్టె వేయడం ఆపండి. బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి, బుస్సుమని ఆవిరి లేస్తుంది. పారతో అడుగు నుంచి కలపండి, సగం కాలిన దుంగల్ని తిరగేయండి. మళ్లీ పోయండి. బుస చప్పుడు ఆగాక అరచేయి వెనక భాగాన్ని బూడిదకి దగ్గరగా తెచ్చి, వేడి లేదనిపిస్తే తాకి చూడండి. చల్లటి బురదలా తగిలితేనే ఆరినట్టు. మట్టి కప్పి వదిలేస్తే లోపల నిప్పుకణికలు తెల్లారేదాకా బతికే ఉంటాయి, గాలి లేవగానే రాజుకుంటాయి. డిస్పర్స్‌డ్ చోట్లలో ఎండుగడ్డి మీద కారు ఆపకండి. వేడెక్కిన సైలెన్సర్ చాలు అంటుకోవడానికి.

7. నీళ్ల దగ్గర

ఇది రాసేటప్పుడు మనసు బరువెక్కుతుంది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చెరువులోనో జలపాతం దగ్గరో పోయారన్న వార్త వేసవుల్లో ఎన్నిసార్లు చదివామో. ఈత వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

కొండల్లో వాగు నీళ్లు కరిగిన మంచు. జూన్‌లో పైన ఎండ చుర్రుమంటున్నా నీళ్లు ఒళ్లు కొయ్యబారేంత చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా దూకితే గుండె ఝల్లుమని, మనకి తెలియకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాం. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొద్ది నిమిషాల్లో చేతులు కాళ్లు మాట వినవు. మన ఊరి చెరువులో నేర్చుకున్న ఈత ఇక్కడ సరిపోదు.

కాబట్టి జలపాతం పైభాగాన నీటిలో కాలు పెట్టకండి, చీలమండ లోతైనా సరే. నాచు పట్టిన రాయి మీద ఏ బూటూ నిలవదు. ఫొటో ట్రెయిల్ మీద నుంచే తీసుకోండి. చెరువులో దిగాలంటే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఒంటరిగా దిగొద్దు. ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకకండి. తాడు, కర్ర, ఖాళీ ఐస్ చెస్ట్, ఏది తేలితే అది విసరండి. ఒకరి వెనక ఒకరు దూకి ఇద్దరు పోయిన ఇళ్లున్నాయి. గుంపులో ఎవరో ఒకరు ‘ఏం కాదులే, రా’ అంటారు. మీరు ‘వద్దు’ అనే మనిషి కండి.

తాగే నీళ్లు ఎంత తేటగా కనిపించినా మరిగించాలి. బాగా తెర్లాక ఒక నిమిషం, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు.

8. నడక

రాకీ పర్వతాల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు దాదాపు రోజువారీ వ్యవహారం. తెల్లవారుజామునే మొదలుపెట్టి, పన్నెండు కల్లా చెట్లున్న ఎత్తుకి దిగిపోవాలి. పెద్దవాళ్లతో ఎత్తుకి వెళ్తే మొదటి రోజు నడక పెట్టుకోకండి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు తగ్గకపోతే కిందకి దిగడమే మందు.

ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఎన్నింటికి ఫోన్ రాకపోతే 911కి చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇంటి దగ్గర ఒకరికి ఇవ్వండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు. ఇంటి దగ్గరే డెమో చేసి నేర్చుకోండి. శరదృతువులో వేట సీజన్ ఉంటుంది, నారింజ రంగు చొక్కాలు వేసుకోండి, పిల్లలకి కూడా.

మరుగుదొడ్డి లేని చోట నీటికి, దారికి 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్లు వేసే 70 అంగలు నడిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వి కప్పేయాలి. కాగితం సంచిలో తెచ్చేసుకోవాలి. క్యాంప్‌గ్రౌండ్ మరుగుదొడ్ల గుంటలో డైపర్లు వేయకండి. ఆ గుంటని పైపుతో తోడతారు, డైపర్ అడ్డం పడితే ఎవరో చేతులతో తీయాలి.

9. తెలుగు సంఘం వనభోజనాలు

పాల్గొనేవారూ చూసేవారూ కలిపి 75 మందో అంతకంటే ఎక్కువో అయితే ఫారెస్టులో ముందే పర్మిట్ తీసుకోవాలి. టికెట్ పెట్టకపోతే దానికి ఫీజు లేదు. కనీసం 72 గంటల ముందు దరఖాస్తు ఇవ్వాలని నియమం, కానీ కార్తీక వనభోజనాలకి రెండు నెలల ముందే రేంజర్ ఆఫీసుతో మాట్లాడండి. తలకింత అని వసూలు చేస్తుంటే వేరే రకం పర్మిట్ కావాలి, ఆ మాట వాళ్లకి ముందే చెప్పండి. తక్కువమందైతే గ్రూప్ పిక్నిక్ షెల్టర్లు చాలా ఫారెస్టుల్లో బుక్ చేసుకోవచ్చు.

10. బయల్దేరేటప్పుడు

సైటు నలుమూలలా వంగి చూస్తూ ఒకసారి నడవండి. జీడిపప్పు, నారింజ తొక్క కూడా ఏరండి. మట్టిలో కలిసిపోతాయనుకుంటాం కానీ వాటి కోసం జంతువులు వస్తాయి. బేర్ బాక్స్ తెరిచి చూడండి. బూడిదని మళ్లీ తాకండి.

సిగ్నల్ రాగానే రెండు ఫోన్లు చేయాలి. మొదటిది మీ కాగితం పట్టుకుని కూర్చున్నవారికి, క్షేమంగా దిగామని. రెండోది రేంజర్ ఆఫీసుకి: రోడ్డుకి అడ్డంగా చెట్టు పడిందనో, మూడో మైలు దగ్గర వంతెన పలక ఊడిందనో, ఎవరో వదిలేసిన మంట నుంచి పొగ లేస్తోందనో. గురువారం మీరు ఫోన్ చేస్తే జవాబు చెప్పినాయనకి ఆ సంగతులు తెలిసింది కూడా అలా చెప్పినవారి వల్లే.